ఆ అమ్మాయి వయసెంత?

1991 ఆగస్టులో నాకు పదేళ్లు. ఐదో తరగతి చదువుతున్నాను. హైదరాబాదు నుంచి ఢిల్లీ పోతున్న విమానంలో ఒక చిన్నపిల్ల ఏడుస్తూ కూర్చుందనీ, పక్కన అరవై ఏళ్ల సౌదీ షేక్ ఉన్నాడనీ పేపర్లలో వచ్చింది. తాతేమో అనుకున్నారట. తాత కాదు, మొగుడు. విమాన సిబ్బందిలో ఒకామె అనుమానం వచ్చి అడిగితే సంగతి బయటపడింది. ఆ పిల్లది పాతబస్తీ. తండ్రి ఆటో నడిపేవాడు. పిల్లకి పదో పదకొండో. అంటే నా ఈడుదే.

మా ఇంటికి రెండు పేపర్లు వచ్చేవి. అబ్బా ఉర్దూ పేపరు చదివేవారు. నాది తెలుగు మీడియం కాబట్టి తెలుగు పేపరు నాది. ఒకే వార్త రెండు భాషల్లో రెండు రకాలుగా ఉండేది. తెలుగులో అది ముస్లింల ఆచారం. ఉర్దూలో అది ముసల్మాన్లను బద్నాం చేసే కుట్ర. రెండింట్లోనూ పిల్ల ఫోటో ఉంది, పేరుంది, గల్లీ పేరుంది. ఆ పిల్లకి ఏం కావాలో మాత్రం ఏ భాషలోనూ లేదు. ఆమె పేరు అప్పట్లో దేశమంతా తెలుసు. నేనిక్కడ రాయడం లేదు.

మర్నాడు బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయి చాలా మామూలుగా, జాలిగానే అడిగింది: 'మీ వాళ్లు నిన్ను కూడా షేక్‌కి ఇస్తారా?' నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో అట్లాంటి ఆలోచన ఎవరికీ లేదని నాకు తెలుసు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చి నానీని అడిగాను. 'నీ నికా అప్పుడు నీకెన్నేళ్లు నానీ?'

నానీ వేళ్లు లెక్కపెట్టలేదు. 'ఏమో బేటా, పోలీస్ యాక్షన్ అయిన సాల్‌లో. అప్పటికి నేనింకా పెద్దమనిషిని కాలేదు' అంది. నానీ వాళ్లది బీదరు దగ్గర పల్లె. 1948 సెప్టెంబరు తర్వాత ఆ వైపు ఊళ్లలో ముస్లింల మీద ఏం జరిగిందో పండిట్ సుందర్‌లాల్ బృందం ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. నానీకి ఆ నివేదిక సంగతి తెలియదు. ఆమెకు తెలిసింది ఒకటే. 'ఎవరు ఎప్పుడు మీద పడతారో తెలియదు. ఇంట్లో పెళ్లికాని పిల్ల ఉండటమే భయం. అబ్బా ఎవరి చేతుల్లోనో ఒకరి చేతుల్లో పెట్టేసిండు.'

ఆడపిల్ల వయసు గురించి, ఆడపిల్ల మీద అత్యాచారం చేసినవాడికి వేసే శిక్ష గురించి మన దేశంలో నూటముప్పై ఏళ్లకు పైగా వాదోపవాదాలు జరుగుతున్నాయి. ఇరవై ఏళ్లుగా జర్నలిస్టుగా ఆ వాదాలు రెండు భాషల్లో చదువుతున్నాను, రాస్తున్నాను. నా పక్కసీటు అమ్మాయి అడిగిన ప్రశ్నకూ నానీ చెప్పిన జవాబుకూ మధ్య ఏముందో వెతుక్కోవడానికే ఈ వ్యాసం.

*

ఈ చరిత్ర మనతో మొదలు కాలేదు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ ఆడపిల్ల సమ్మతి వయసును 10 ఏళ్లుగా పెట్టింది. పదేళ్లు నిండిన భార్యతో భర్త ఏం చేసినా అది అత్యాచారం కాదు. 1890లో కలకత్తాలో ఫూల్‌మణి దాసి అనే పిల్ల భర్త చేతిలో రక్తస్రావమై చనిపోయింది. ఆమెకు పదేళ్లు దాటాయి, పన్నెండు నిండలేదు. భర్త హరిమోహన్ మైతీకి ముప్పై దాటాయి. పదేళ్లు దాటాయి కనుక అత్యాచారం కేసు నిలబడలేదు. ప్రాణానికి ముప్పు తెచ్చే పనితో తీవ్రంగా గాయపరిచాడన్న సెక్షను కింద అతనికి పడింది ఒక్క ఏడాది శిక్ష.

ఆ చావు తర్వాత 1891 జనవరిలో ఆండ్రూ స్కోబుల్ సమ్మతి వయసును 12కు పెంచే బిల్లు పెట్టాడు. దేశం భగ్గుమంది. రజస్వల అయిన వెంటనే గర్భాధానం జరిపించడం మా మతధర్మం, పరాయి ప్రభుత్వం మా పడకగదిలోకి వస్తుందా అని బెంగాల్లో సభలు పెట్టారు. మహారాష్ట్రలో తిలక్ బిల్లును వ్యతిరేకించాడు. సంస్కరణ కావాలంటే మేమే చేసుకుంటాం, మీరెవరు చెప్పడానికి అన్నది ఆయన వాదం. కలకత్తా 'బంగవాసి' పత్రిక బిల్లును తిడుతూ రాసిన రాతలకు ఈ దేశంలో మొదటి రాజద్రోహం కేసు నడిచింది. మార్చిలో బిల్లు చట్టమైంది.

ఇది చదివినప్పుడల్లా నాకు నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. 'మా మతంలో జోక్యం చేసుకోవద్దు' అన్న మాట మా ముల్లాల సొంతమని చాలామంది తెలుగు మిత్రులు అనుకుంటారు. ఆ మాటను ఈ దేశంలో అంత గట్టిగా మొదట అరిచినవాళ్లు షేర్వానీలు తొడుక్కున్నవాళ్లు కాదు.

ఇక మన తెలుగు నేల. గురజాడ 'కన్యాశుల్కం' మొదటి కూర్పుకు రాసిన ఇంగ్లీషు ముందుమాటలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లా తీరప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించాడు. మొత్తం 1,034. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల ధర తలకు 350 నుంచి 400 రూపాయలు.

పేద తండ్రి, డబ్బున్న ముసలి వరుడు, మధ్యలో దళారి, సంతకాలు పెట్టించే పురోహితుడు. పాతబస్తీలో జరిగిందీ ఇదే గదా! దళారి పేరు మారింది, పురోహితుడి చోట ఖాజీ వచ్చాడు, రూపాయల చోట రియాళ్లు వచ్చాయి. లుబ్ధావధాన్లును చూసి తెలుగువాళ్లు నూరేళ్లకు పైగా నవ్వుతున్నారు. నవ్వాలి. కానీ లుబ్ధావధాన్లు హిందువుల స్వభావమని ఎవరూ అనలేదు. ఆ 1,034 పెళ్లిళ్లను సాంఘిక దురాచారం అన్నారు. సంస్కరణతో పోయే జబ్బు అన్నారు. అగ్రహారంలో జరిగితే దురాచారం, అఫ్జల్‌గంజ్ దాటి మూసీకి అవతల జరిగితే మతమా? నా పక్కసీటు అమ్మాయికి ఆ రోజు ఈ ఎదురు ప్రశ్న వెయ్యగలిగి ఉంటే బాగుండేది. పదేళ్ల పిల్లకు కన్యాశుల్కం ఎట్లా తెలుస్తుంది?

అయితే ఇక్కడే ఆగితే నేను కూడా ఉర్దూ పేపరు రాసిన రాతే రాసినట్టు. మీ ఇంట్లో జరగలేదా అని అడిగేసి చేతులు దులుపుకుంటే మా ఇంట్లో పిల్లకు ఒరిగేదేమీ లేదు.

*

1929కి వద్దాం. అజ్మీరుకు చెందిన హరవిలాస్ శారద మొదట తెచ్చింది హిందువుల బాల్యవివాహాల బిల్లు. చర్చలో అది అన్ని మతాలకూ వర్తించే బిల్లుగా మారింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18. అంతకు ముందే మోరోపంత్ జోషి అధ్యక్షతన సమ్మతి వయసు మీద వేసిన సంఘం దేశమంతా తిరిగి నివేదిక ఇచ్చింది. సెప్టెంబరులో కేంద్ర శాసనసభ బిల్లును ఆమోదించింది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు.

హిందూ సనాతనులు వ్యతిరేకించారు. మనవాళ్లూ వ్యతిరేకించారు. జమియతుల్ ఉలేమా వ్యతిరేకించింది. ఖిలాఫత్ ఉద్యమంలో దేశాన్ని ఊపేసిన మౌలానా మహమ్మద్ అలీ, ముసల్మాన్లను ఈ చట్టం నుంచి మినహాయించాలని వైస్రాయి ముందుకు వెళ్లాడు. ఆయన చిన్న మనిషి కాదు, మతోన్మాది అంతకన్నా కాదు. బ్రిటిష్ జైళ్లు చూసినవాడు. ఆయనకు కనిపించింది షరియత్‌లో వేలుపెడుతున్న పరాయి ప్రభుత్వం. 1891లో తిలక్‌కు కనిపించిందీ అదే. ఇద్దరికీ పిల్ల కనిపించలేదు.

అదే సభలో జిన్నా బిల్లుకు మద్దతు ఇచ్చాడు. నియోజకవర్గంలో గోల జరుగుతుందని తాను నమ్మినదానికి ప్రతినిధి ఎదురు తిరగకూడదన్నది ఆయన వాదం. తర్వాతి చరిత్రలో ఆ మనిషి చేసినవి వేరు. ఆనాటి ఆ మాట మాత్రం చెప్పుకోవలసిందే.

నాకు అంతకన్నా ముఖ్యమైనవాళ్లు ఇంకొకరున్నారు. అఖిల భారత మహిళా సభలోని ముస్లిం స్త్రీలు. మినహాయింపు కావాలని మగవాళ్లు వైస్రాయి దగ్గరికి వెళ్లారని తెలిసి వాళ్లు కూడా మహజరు పంపారు. మినహాయింపు అడుగుతున్నది మా మగవాళ్లలో కొద్దిమందేననీ, ఈ చట్టం తాకేది మగవాళ్లకన్నా ఎక్కువగా ఆడవాళ్లనేననీ, మా తరఫున మాట్లాడే హక్కు వాళ్లకు లేదనీ అందులో చెప్పారు. ముస్లిం స్త్రీకి నోరు లేదని అనుకునేవాళ్లు, ముస్లిం స్త్రీకి నోరు అక్కర్లేదని అనుకునేవాళ్లు ఇద్దరూ ఈ మహజరు సంగతి తెలుసుకోవాలి. ఇది ఉర్దూ చరిత్రల్లో నాకు కనబడలేదు, తెలుగు పాఠాల్లోనూ కనబడలేదు.

చట్టం వచ్చింది గానీ ఎట్లాంటి చట్టం? గరిష్ఠంగా ఒక నెల సాధారణ జైలు, వెయ్యి రూపాయల జరిమానా. పెళ్లి మాత్రం చెల్లుతుంది. పైగా చట్టం అమల్లోకి వచ్చే లోపు తొందర తొందరగా పెళ్లిళ్లు చేసేశారు. చంటిపిల్లలకు కూడా చేశారు. 1931 జనాభా లెక్కల్లో అది కనిపించింది. నానీ పుట్టిన నిజాం రాజ్యానికయితే శారదా చట్టం వర్తించనే లేదు. అది బ్రిటిష్ ఇండియా చట్టం.

1930లో చట్టం వస్తోందన్న భయం. 1948లో ప్రాణభయం. భయం పెరిగినప్పుడల్లా పిల్ల పెళ్లి వయసు తగ్గింది. ఇది నేను పుస్తకాల్లో చదవడానికి ముందే నానీ ముఖంలో చదివాను. బస్తీలో కర్ఫ్యూ పడ్డ ప్రతిసారీ, కొట్లాట జరిగిన ప్రతిసారీ, బడి మానేసే మొదటి బిడ్డ ఆడపిల్లే. తర్వాత వచ్చేది పెళ్లి. ముస్లిం పిల్లల చిన్ననాటి పెళ్లిళ్ల గురించి బాధపడే లౌకిక మిత్రులు ఆ భయం ఎవరు పెడుతున్నారో కూడా అడగాలి. ఆ భయాన్ని సాకు చేసుకుని బిడ్డను పంపేసే మనవాళ్లను మనమూ అడగాలి.

మతంలోనే దారి లేదా అంటే, ఉంది. వలీ చేసిన నికాను పిల్ల యుక్తవయసుకు రాగానే కాదనవచ్చన్న 'ఖియారుల్ బులూగ్' ఫిఖ్‌లో ఎప్పటి నుంచో ఉంది. అయితే హనఫీ పద్ధతిలో తండ్రో తాతో చేసిన నికాకు సాధారణంగా ఆ హక్కు వర్తించేది కాదు. భర్త నుంచి విముక్తి దొరకని ఆడవాళ్ల కష్టం చూసి మౌలానా అష్రఫ్ అలీ థానవీ వంటి ఆలిమే ఇతర మజ్‌హబ్‌ల నుంచి దారి వెతికాడు. ఆ చర్చల్లోంచి 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. దాని ప్రకారం, తండ్రే చేసినా సరే, 15 ఏళ్ల లోపు జరిగిన నికాను 18 నిండే లోపు పిల్ల కాదనవచ్చు, కాపురం జరగకపోతే. అంటే 1939 నాటికే 18 అనే అంకె మన సొంత చట్టంలో ఉంది. పిల్ల మాటకు విలువ ఉంది. షరియత్ మారదు, ముట్టుకోకూడదు అనేవాళ్లు ఈ చట్టం గురించి ఎందుకు మాట్లాడరు? ఈ హక్కు ఉన్నట్టు ఎంతమంది ఖాజీలు ఎంతమంది ఆడపిల్లలకు చెప్పారు?

*

వయసు సంగతి ఇట్లా ఉంటే శిక్ష సంగతి మరొకటి. ఇది హైదరాబాదు గుండా నడిచిన చరిత్ర.

1978 మార్చి చివర్లో రమీజాబీ అనే యువతి, భర్త అహ్మద్ హుసేన్ రాత్రి సినిమా చూసి వస్తుంటే పోలీసులు పట్టుకున్నారు. అతను రిక్షా తొక్కేవాడు. నల్లకుంట పోలీస్ స్టేషనులో ఆమె మీద అత్యాచారం జరిగింది. అడ్డుపడిన భర్తను కొట్టారు, అతను చనిపోయాడు. శవాన్ని స్టేషను ముందు పెట్టి జనం తిరగబడ్డారు. కాల్పులు, కర్ఫ్యూ. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేసింది. కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన ఆమె మీదే నడిచింది. ఆమె వ్యభిచారి అన్నారు. చనిపోయినవాడికి ఆమె అసలు పెళ్లామే కాదన్నారు. అత్యాచారం జరిగిందా లేదా అన్న చోట నికా జరిగిందా లేదా అన్న ప్రశ్న వచ్చి కూర్చుంది. కమిషన్ ఆ వాదనను నమ్మలేదు. పోలీసులు దోషులేనని తేల్చింది. కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు మారింది. 1981లో అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు.

అదే కాలంలో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో మధుర అనే ఆదివాసీ పిల్ల కేసు నడిచింది. 1972లో పోలీస్ స్టేషనులో జరిగిన అత్యాచారం అది. ఆమె వయసు పదహారు లోపేనని రుజువు కాలేదంది సెషన్స్ కోర్టు. ఎదిరించిన గుర్తులు ఒంటి మీద లేవని 1978లో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. 1979లో ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగంవర్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పును ప్రశ్నిస్తూ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా స్త్రీలు వీధిలోకి వచ్చారు.

పుట్టిన తేదీ కాగితం మీద ఉండేది ఎవరికి? ఆస్పత్రిలో పుట్టినవాళ్లకు, బడికి పోయినవాళ్లకు. ఆదివాసీ పిల్లకు, బస్తీ పిల్లకు ఎముకల పరీక్షే పుట్టిన తేదీ. అందులో ఏడాదో రెండేళ్లో అటూ ఇటూ ఉంటుందంటారు. ఆ తేడా ఎప్పుడూ నిందితుడి వైపే మొగ్గుతుంది. వయసు 16 అని, 18 అని చట్టంలో ఎంత రాసుకున్నా, చివరికి పేదపిల్ల వయసు తేలేది వకీళ్ల వాదనల్లోనే.

ఈ రెండు కేసుల కోపంలోంచే 1983 చట్టం వచ్చింది. కనీస శిక్ష 7 ఏళ్లు. పోలీసులో అధికారులో చేస్తే 10 ఏళ్లు. కస్టడీలో జరిగితే సమ్మతి లేదన్న ఆమె మాటను కోర్టు నమ్మి తీరాలి, ఉందని రుజువు చేసుకోవాల్సింది వాడు. బాధితురాలి పేరు అచ్చువేయడం నేరం అయిందీ అప్పుడే. కానీ 'తగిన ప్రత్యేక కారణాలు' ఉంటే శిక్ష తగ్గించవచ్చన్న సందు కూడా పెట్టారు. 1989లో హర్యానాకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఆ సందులోంచే దూరి, అమ్మాయి నడవడిని చూపించి, పోలీసుల శిక్షను 10 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు తగ్గించింది. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఆమె శీలాన్ని కోర్టులో విప్పి చూపించవచ్చన్న క్లాజు 2003 దాకా చెక్కుచెదరలేదు.

చట్టం మారిన ప్రతిసారీ శిక్ష పెరిగింది. పెరిగిన శిక్ష ఎవరి మీద పడుతుంది, ఎవరి మీద పడదు అన్నదాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

2018 జనవరిలో కథువాలో బకర్వాల్ తెగకు చెందిన ఎనిమిదేళ్ల ముస్లిం పిల్లను చెరిచి చంపారు. ఆ తెగను ఊరి నుంచి తరిమెయ్యడానికే చేశారని చార్జిషీటు చెప్పింది. నిందితుల కోసం జెండాలు పట్టుకుని ఊరేగింపు చేశారు. చార్జిషీటు పెట్టకుండా కోర్టు దగ్గర వకీళ్లే అడ్డుపడ్డారు. ఏప్రిల్లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 12 ఏళ్ల లోపు పిల్లల మీద అత్యాచారానికి మరణశిక్ష! అందరూ చప్పట్లు కొట్టారు. కానీ ఆ పిల్లకు కావలసింది ఉరితాడు కాదు. చార్జిషీటుకు దారి. సాక్షికి రక్షణ. కేసు పఠాన్‌కోటకు మారింది. 2019 జూన్‌లో ముగ్గురికి జీవితఖైదు, సాక్ష్యాలు చెరిపిన ముగ్గురు పోలీసులకు ఐదేళ్లు పడ్డాయి. అంతకు ముందే, 2013లో జస్టిస్ వర్మ కమిటీ మరణశిక్ష వద్దని చెప్పింది. చేసేవాళ్లలో పదిలో తొమ్మిది మందికి పైగా పిల్లకు తెలిసినవాళ్లేనని ప్రభుత్వ లెక్కలే చెబుతాయి. మామకు ఉరి పడుతుందంటే పిల్ల నోరు విప్పుతుందా, ఇల్లు విప్పనిస్తుందా?

2019 డిసెంబరు 6న మా నగరం పక్కనే, చటాన్‌పల్లి దగ్గర, పశువైద్యురాలి హత్యాచారం కేసులో నలుగురు నిందితులను పోలీసులు కాల్చేశారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. నలుగురిలో ఒకడు ముస్లిం. అంతకు ముందు వారం రోజులూ వాట్సాప్‌లో తిరిగింది ఆ ఒక్క పేరే. నా ఫోన్లో కూడా తిరిగింది, నాతో చదువుకున్నవాళ్లే పంపారు. 2022లో బయటికొచ్చిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక, పోలీసులు చంపాలనే కాల్చారని చెప్పింది. చచ్చిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. అప్పుడెవరూ వాళ్ల వయసు అడగలేదు. 1978లో ఇదే నగరం పోలీస్ స్టేషను మీద రాళ్లు వేసింది. నలభై ఏళ్లలో మనం ఎంత దూరం వచ్చామో చూడండి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ అదే డిసెంబరులో 'దిశ' బిల్లు ఆమోదించింది. 21 పనిదినాల్లో తీర్పు, ఉరి. ఆ బిల్లు అమల్లోకి రాలేదు.

శిక్ష పడటం ఒక ఎత్తు, పడ్డ శిక్ష నిలవడం ఇంకో ఎత్తు. 2002 గుజరాత్ మారణకాండలో బిల్కిస్ బానో మీద సామూహిక అత్యాచారం చేసి, ఆమె మూడేళ్ల బిడ్డతో సహా కుటుంబాన్ని చంపినవాళ్లు 11 మంది. జీవితఖైదు పడింది. 2022 ఆగస్టు 15న, స్వాతంత్ర్య దినం నాడు, వాళ్లను వదిలేశారు. దండలు వేశారు, మిఠాయి తినిపించారు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను కొట్టేసి మళ్లీ లోపలికి పంపింది. చట్టంలో రాసిన శిక్ష చిన్నదా పెద్దదా అన్న ప్రశ్న ఇక్కడ లేదు. ఆమె ఎవరు, వాళ్లు ఎవరు అన్నదే అంతా నడిపించింది.

*

ఇప్పుడు మళ్లీ వయసు మీదికి వచ్చాం. 2012లో పోక్సో చట్టం సమ్మతి వయసును 18 చేసింది. వర్మ కమిటీ 16 చాలంది. 2013లో కేంద్ర మంత్రివర్గం కూడా ఒక దశలో 16 అనుకుని, పార్టీలు గోల చేస్తే 18కే కట్టుబడింది. భార్య అయితే 15 చాలన్న పాత మినహాయింపును 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన న్యాయసంహితలోనూ భార్యకయినా 18 ఏళ్లే.

మరి 15 ఏళ్లకు యుక్తవయసు వచ్చినట్టేనన్న ముస్లిం పర్సనల్ లా సంగతి? 2022లో 16 ఏళ్ల ముస్లిం అమ్మాయి నికా చెల్లుతుందంది పంజాబ్ హర్యానా హైకోర్టు. అదే ఏడాది కేరళ హైకోర్టు, పోక్సోకు పర్సనల్ లా అడ్డు కాదంది. మళ్లీ టీవీల్లో పాత పాటే. ఒకాయన గడ్డం పెట్టుకుని షరియత్ అంటాడు. ఇంకొకాయన బొట్టు పెట్టుకుని ముస్లిం బహెన్‌ల కష్టం గురించి కన్నీళ్లు పెట్టుకుంటాడు. బహెన్ మాత్రం అక్కడ కూర్చుని ఉండదు.

2023 ఫిబ్రవరిలో అస్సాంలో చిన్ననాటి పెళ్లిళ్ల పేరుతో వేల మంది భర్తలను, మామలను జైల్లో వేశారు. చంకలో బిడ్డతో, కడుపులో బిడ్డతో పిల్లతల్లులు పోలీస్ స్టేషన్ల ముందు కూర్చున్నారు. ఎవరిని కాపాడాలని ఆ చట్టమో వాళ్లే అన్నం పెట్టేవాడు లేక ఏడ్చారు. ఇక మన దగ్గర, 17 ఏళ్ల అమ్మాయి తనకు నచ్చిన అబ్బాయితో పోతే తండ్రి పోక్సో కేసు పెడతాడు. అబ్బాయి ఇంకో కులం వాడయితే తొందరగా పెడతాడు, ఇంకో మతం వాడయితే ఇంకా తొందరగా పెడతాడు. కనీస శిక్ష పదేళ్లనో ఇరవై ఏళ్లనో చట్టం రాసి ఉంటే జడ్జి చేతిలో ఏముంటుంది? 2023లో లా కమిషన్ వయసు తగ్గించవద్దంది. 16 నుంచి 18 మధ్య, పిల్ల ఒప్పుకున్నట్టు కనిపించే కేసుల్లో శిక్ష తగ్గించే వీలు జడ్జికి ఇవ్వాలంది. సమ్మతి ఉందని వదిలేస్తే అరబ్బు షేక్ కూడా ఆ తలుపులోంచే వస్తాడు గదా అన్నది అవతలి వాదం. అందుకే ఇద్దరి వయసుల తేడా చూడాలి. పదిహేడూ పంతొమ్మిదీ ఒకటి. పదిహేడూ అరవయ్యీ ఇంకొకటి.

2017 సెప్టెంబరులో పాతబస్తీలో మళ్లీ అరెస్టులు జరిగాయి. ఒమన్, ఖతార్ నుంచి వచ్చిన ముసలివాళ్లు, దళారులు, ఖాజీలు. 1991 నాటి కేసు శిక్ష దాకా చేరలేదు. ఇరవై ఆరేళ్ల తర్వాత అదే గల్లీల్లో అదే కథ. ఈ ఇరవై ఆరేళ్లూ మా పెద్దమనుషులు ఏం చేస్తున్నారు? ఖౌమ్ ఇజ్జత్ పోతుందని మౌనంగా ఉన్నారు. పోయిన ఇజ్జత్ పోనే పోయింది, పిల్లలూ పోయారు. తిరగబడింది బస్తీలో పనిచేసే ఆడవాళ్లూ, పారిపోయి వచ్చి ఫిర్యాదు చేసిన అమ్మాయిలే.

నేను కోరేవి పెద్దవేం కాదు. పెళ్లికి 18 అన్నది అందరికీ ఒకటే. మా పిల్లకు ఒక ఏడాది తక్కువ బాల్యం చాలని ఏ కోర్టూ, ఏ ముఫ్తీ అనకూడదు. నికానామాలో పుట్టిన తేదీ రుజువు లేకుండా ఖాజీ సంతకం పెట్టకూడదు, పెడితే మసీదు కమిటీయే నిలదీయాలి. శిక్ష అనేది ఉరి అయి ఉండక్కర్లేదు, ఎన్‌కౌంటర్ అసలే అక్కర్లేదు. ఫిర్యాదు తీసుకునే స్టేషను, ఏళ్ల తరబడి సాగని విచారణ, పడితే నిలబడే శిక్ష కావాలి. ఆడపిల్లకు బడి కావాలి, బడికి పోయే దారిలో భయం లేకపోవాలి. ఇవన్నీ అడగడానికి మేం మా మతాన్ని వదులుకోవాల్సిన పని లేదు. మాకు మీరు క్లాసు తీసుకోవాల్సిన పనీ లేదు. 1929లోనే మా తరఫున మేం మాట్లాడుకున్నాం.

నానీ 2009లో పోయింది. డెత్ సర్టిఫికెట్ కోసం వెళ్తే గుమాస్తా వయసెంత అన్నాడు. మామూ మొహమొహాలు చూసుకున్నాడు. పోలీస్ యాక్షన్ నాడు పన్నెండో పదమూడో అనుకుని, వెనక్కి లెక్కేసి ఒక అంకె రాయించాను. చచ్చిపోయాక గానీ నానీకి ఒక వయసు రాలేదు. మా అమ్మాయికి ఇప్పుడు పదిహేనేళ్లు. టీవీలో ఆ వాదన నడుస్తుంటే విని, 'వీళ్లెవరు నా గురించి మాట్లాడటానికి?' అంది. 1991లో నాకు రాని జవాబు అది.